పద్నాలుగు కాగితాల వెనక

బస్సు డిపో వెనక వీధి, మేడమీది వాటా
జూన్ 4, ఉదయం 7.10

వదినగారికి,

నమస్కారం. ఇక్కడ అంతా క్షేమం. మీ ఆరోగ్యం సంగతి మా వాడు ఫోనులో చెబుతూనే ఉన్నాడు కనుక మళ్ళీ అడగను.

మన మనవరాలు నాకు ఉత్తరం రాసింది. ఇరవై నాలుగేళ్ళ పిల్లను ఇంకా పిచ్చుక అనడం ఏమిటని మీరు నవ్వుతారు గానీ, ఆ పేరు పెట్టింది నేను, అలాగే పిలుస్తాను. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లో పిచ్చుకకు సొంతంగా ఒక రూటు ఇస్తారట. ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకుని రెండు గంటల్లోపల ల్యాబ్‌కు చేర్చాలి. సొంత బండి ఉంటేనే రూటు, అదీ సెప్టెంబరు ఒకటి నుంచి. జనవరిలో వచ్చిన కొత్త మోడల్ మోటారు సైకిలు మీద దానికి మనసైంది. "నాయనమ్మా, బండి దారిలో ఆగితే ఆ రక్తం పారబోయాల్సిందే. రెండుసార్లు పారబోస్తే రూటు కూడా పోతుంది. నువ్వు చూసి సరే అంటేనే కొంటాను" అని రాసింది. ఆ చివరి వాక్యం కింద గీత గీసింది.

డిపోలో ముప్పై ఒక్క సంవత్సరాలు నేను చేసిన పని మీకు తెలుసు. దారిలో ఆగిన బస్సుల రిజిస్టరు రాయడం. ఏ బస్సు, ఎన్ని కిలోమీటర్లు తిరిగాక, ఎక్కడ, ఎందుకు ఆగిందో రాయాలి. నాకు ఏ బండీ నడపడం రాదు. ఏది ఆగుతుందో మాత్రం తెలుసు.

మా ఊళ్ళో ఈ కొత్త మోడల్ ఒకటి రెండు కంటే లేవు. మీ ఊరు పెద్దది, మీ కుట్టు కొట్టుకు నలుగురూ వచ్చిపోతుంటారు. ఆ బండి ఉన్నవాళ్ళను కనీసం పన్నెండు మందిని పట్టుకుని, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, దారిలో ఎన్నిసార్లు ఆగింది, ఎందుకు ఆగింది, విడిభాగం దొరకడానికి ఎన్నాళ్ళు పట్టింది అని అడగండి. ఈ నాలుగే. బండి బాగుందా అని మాత్రం అడగకండి. కొన్నవాడు ఎప్పుడూ బాగుందనే అంటాడు. ఫోనులో చెప్పిన అంకె గాలికి పోతుంది, కాగితం మీద పంపండి.

ఇంకొక మాట. దుకాణం వాళ్ళు నడిపి చూడమని ఇచ్చినప్పుడు పిచ్చుక వెనక మీరు కూర్చున్నారని మా వాడు చెప్పాడు. ఇంకా పరీక్షించని బండి ఎక్కి ఊరేగడం పద్ధతి కాదు. ముందే ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది.

ఇట్లు,
పిచ్చుక నాయనమ్మ


కుట్టు కొట్టు నుంచి
జూన్ 15

వదినగారికి,

మీ ఉత్తరం విప్పగానే లేచి నిలబడ్డానండీ, పైఆఫీసరు పిలిచినట్టనిపించి! పిచ్చుక పడీ పడీ నవ్వింది.

ఊరేగలేదండీ బాబూ. నాలుగు వీధులు తిరిగాం, అంతే. "అమ్మమ్మా, గతుకొస్తోంది, నా నడుం గట్టిగా పట్టుకో" అంటుంది, తీరా చూస్తే గతుకు దాటేశాం, తెలియనే లేదు. నునుపు గుడ్డ మీద కత్తెర జారినట్టు పోయిందనుకోండి. మీరూ ఒకసారి వచ్చి ఎక్కి చూడండి, ఆ మూతి బిగింపు కాస్త సడలుతుంది.

ఇక మీ లెక్క. ఇప్పటికి నలుగురు దొరికారు. కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఆయనది నాలుగుసార్లు ఆగిందట. పాపం మంచివాడు, వాళ్ళమ్మకు కీళ్ళ నొప్పులు, ఏ మందూ పట్టడం లేదు. ఆగినా సరే బండిని పల్లెత్తు మాట అననివ్వడు, కొత్త పెళ్ళాన్ని వెనకేసుకొచ్చినట్టు వెనకేసుకొస్తాడు. ట్యూషన్ మాస్టారిది ఒక్కసారీ ఆగలేదు, ఆగనిది ఆయన నోరు కూడా. ఫొటోలు తీసే ఆయన్ని ఎన్ని కిలోమీటర్లండీ అంటే "చాలా" అన్నాడు. తాళాలు బాగుచేసే ఆయన నా ప్రశ్నలకు జవాబు చెప్పకుండా నా బీరువా తాళం బాగుచేసి వెళ్ళిపోయాడు.

రంగు సంగతి కూడా తేలిపోయింది. "నీకేది నచ్చితే అదే అమ్మమ్మా" అంది. ఆకాశం రంగు చెప్పాను. బాగుంటుంది కదూ?

ఇట్లు,
పిచ్చుక అమ్మమ్మ


డిపో వెనక వీధి
జూన్ 21, ఉదయం 6.45

వదినగారికి,

మీ ఉత్తరం నలభై ఆరు పంక్తులు. లెక్కకు పనికొచ్చేవి రెండు. "చాలా" అనేది అంకె కాదు. కీళ్ళ నొప్పి బండికి వచ్చింది కాదు. రంగు వల్ల ఏ బండీ దారిలో ఆగదు కనుక దాని గురించి ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు.

దీనితో ఇరవై కాగితాలు గీతలు గీసి పంపుతున్నాను. ఒక మనిషికి ఒక కాగితం. నాలుగు గడులు. "ఎందుకు ఆగింది" అన్న గడిని కావాలనే చిన్నదిగా పెట్టాను. అక్కడ ఒక మాట పడుతుంది, కథ పట్టదు.

నా వంతు పని నేను మొదలుపెట్టాను. రోజూ ఎనిమిది నుంచి పది దాకా ఇక్కడి సర్వీసు షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, అదే కంపెనీ పాత మోడల్ ఉన్నవాళ్ళను అవే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. పోల్చడానికి ఒకటి ఉండాలి కదా. షెడ్డు మెకానిక్ మొదటి రోజు "ఏమ్మా, మీరు కంపెనీ మనిషా, పోలీసు మనిషా?" అన్నాడు. "రిజిస్టరు మనిషిని" అన్నాను. మర్నాటి నుంచి స్టూలు తుడిచి పెడుతున్నాడు.

పిచ్చుక మీ ఇంటికి వచ్చి పదకొండు నెలలు. అందులో నా దగ్గర గడిపింది ఆరు రోజులు. మిగిలినవన్నీ మీ దగ్గర. ఇది ఫిర్యాదు కాదు, లెక్క.

ఇట్లు,
పిచ్చుక నాయనమ్మ


కుట్టు కొట్టు నుంచి
జూలై 9

వదినగారికి,

ఇవిగోనండీ మీ కాగితాలు, పద్నాలుగు మందివి. మీరిచ్చిన ఆ గడిలో సూది గుచ్చడానికి కూడా చోటు లేదు. అందుకని ముందువైపు "ఆగింది" అని మాత్రం రాసి, వెనక్కి తిప్పి అసలు సంగతి రాశాను. తిప్పి చదవండేం. మీటర్లాయన ముచ్చట చదివితే మీకు కూడా నవ్వొస్తుంది.

ఈ వంకన నాకు ఊరంతా చుట్టాలైపోయారు. పిచ్చుక ల్యాబ్ నుంచి రాగానే "ఇవాళ ఎవర్ని పట్టుకుందాం అమ్మమ్మా" అంటుంది. ఇద్దరం బయల్దేరతాం. అది కిలోమీటర్ల అంకె చూసి చెబుతుంది, నేను రాస్తాను. "అమ్మమ్మా, నువ్వు మాట్లాడకు, మాట్లాడావంటే ఇక్కడే తెల్లారిపోతుంది" అని నన్ను గిల్లుతుంది కూడాను.

మిగిలిన కాగితాలు కొలతలు రాసుకోవడానికి ఉంచుకున్నాను, మంచి కాగితం. ఏమీ అనుకోకండి.

పిల్ల దుకాణంలో బయానా ఇచ్చి ఆకాశం రంగు బండి పక్కన పెట్టించింది. మీ మాట కోసం చూస్తోంది. త్వరగా రాయండి.

ఇట్లు,
పిచ్చుక అమ్మమ్మ


డిపో వెనక వీధి
జూలై 18, ఉదయం 9.00

వదినగారికి,

లెక్క పూర్తయింది.

కొత్త మోడల్: పద్నాలుగు బళ్ళు, మొత్తం 83,400 కిలోమీటర్లు, దారిలో ఆగినవి తొమ్మిది. పాత మోడల్: పద్నాలుగు బళ్ళు, మొత్తం 84,100 కిలోమీటర్లు, దారిలో ఆగినవి అయిదు.

రక్తం మోసుకుపోవలసిన పిల్లకు కొత్త మోడల్ పనికిరాదు. పాత మోడల్ తీసుకోవాలి. ఈ సంగతి పిచ్చుకకు విడిగా రాశాను. మీరు దానితో మళ్ళీ చర్చించనక్కరలేదు.

మీ శ్రమకు కృతజ్ఞతలు.

ఇట్లు,
పిచ్చుక నాయనమ్మ


కుట్టు కొట్టు నుంచి
జూలై 29

వదినగారూ,

నమస్కారాలవీ ఇవాళ వద్దు.

పిచ్చుక మీ తీర్పు చదివింది. చదివి, నేరుగా దుకాణానికి వెళ్ళి బండి వద్దని చెప్పి వచ్చింది. సాయంత్రానికల్లా ఆ ఆకాశం రంగు బండిని ఇంకెవరో పట్టుకుపోయారు. పాత మోడల్ ఇప్పుడు తక్కువగా వస్తోందట, సెప్టెంబరు ఇరవై దాటాక గానీ ఇవ్వలేమన్నారు. ఆగస్టు ఇరవై అయిదులోపల బండి తెచ్చి చూపించకపోతే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ల్యాబ్ పెద్దాయన. ఇంత జరిగినా "పోనీలే అమ్మమ్మా, నాయనమ్మ ఊరికే అనదు" అని సర్దిచెబుతోంది. ఎవరికి? నాకు!

నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. కానీ గుడ్డ కొలిచి బతికినదాన్ని, తొమ్మిదిలోంచి ఏడు పోతే ఎంతో నాకు తెలుసు. సైడు స్టాండు కిందికి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ దానంతటదే ఆగిపోయేలా తయారుచేశారు ఆ బండిని, మనిషి పడకుండా. అది తెలియక మీటర్లాయన నాలుగిళ్ళ ముందు నిలబడి చెమటలు కక్కాడు. ఇంకో ముగ్గురిదీ అదే కథ. స్టాండు తీస్తే బండి బుద్ధిగా కదిలింది. మిగిలిన రెంటిలో ఒకటి మేకు దిగి టైరు పోవడం, ఒకటి క్లచ్ వైరు తెగడం. ఇదంతా వెనకవైపు రాశానండీ! ముప్పై ఒక్క ఏళ్ళు రిజిస్టరు రాసిన మనిషి కాగితం తిప్పలేదా?

మనసులో మాట అనేస్తాను. అది నా ఇంట్లో ఉంటుంది, నా చేతి అన్నం తింటుంది. చెప్పుల జత కొనాలన్నా "నాయనమ్మని అడగాలి" అంటుంది. నేను దాని వెనక కూర్చున్నానని మీకు కడుపుమంట. ఇక్కడ లేని మనిషి మాటే చెల్లుతుందని నాకు కడుపుమంట. అందుకే నేనూ ఒక పని చేశాను. పదిహేనో కాగితం ఒకటుంది. ఆసుపత్రి నర్సమ్మది. జోరు వానలో రెండుసార్లు ఆగి, అరగంట దాకా కదల్లేదట. అది చూస్తే మీరు వద్దంటారని మిషను సొరుగులో పడేశాను. ఒక్కసారైనా నేను బాగుందన్నది కొనాలని నాకుండదా?

ఇదిగో, పంపుతున్నాను. తిట్టుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టం.

పిచ్చుక అమ్మమ్మ


డిపో వెనక వీధి
ఆగస్టు 2, ఉదయం 5.30

వదినగారికి,

కాగితం తిప్పాను. పద్నాలుగూ తిప్పాను. రెండేసి సార్లు చదివాను.

స్టాండు సంగతి జూలై 14 నాటికే నాకు తెలుసు. షెడ్డు మెకానిక్‌ను అడిగి రూఢి కూడా చేసుకున్నాను. తర్వాత నాలుగు రోజులు ఆలోచించి, తొమ్మిది అనే రాశాను. ఆగితే ఆగినట్టే అని డిపోలో ఒక నియమం ఉంది, దాని చాటున దాక్కున్నాను. డ్రైవరు తనే ఆపిన బస్సును ఆ రిజిస్టరులోకి నేనెప్పుడూ ఎక్కించలేదు.

ట్యూషన్ మాస్టారి కాగితం వెనక మీరు ఇలా రాశారు: "ఆయన బండి తీసుకుని పిచ్చుకా నేనూ వంతెన దాకా వెళ్ళొచ్చాం. పోయినంతసేపూ అది పాడుతూనే ఉంది." నా దగ్గర అది పాడి పదకొండేళ్ళయింది. నా ఇంట్లో గట్టిగా పాడకూడదని చెప్పినదాన్ని కూడా నేనే. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు. నా జీవితంలో లెక్క పెట్టనిది అదొక్కటే అనుకుంటాను. ఏం పాట అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మీరు ఎక్కి, మెచ్చుకుని, రంగు కూడా చెప్పిన బండిని నేను సరే అంటే, అందులో నాది ఏముంటుంది? వద్దంటేనే నా మాట అవుతుంది. ఇంత చిన్న ఆలోచన చేశాను. దానికి రూటు పోతుందని మాత్రం ఆలోచించలేదు.

డిపోలో తప్పు పడ్డ అంకెను చెరపకూడదు, మీద దిద్దకూడదు. ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, కారణం రాసి సంతకం పెట్టాలి. ఉద్యోగంలో నేను అలా కొట్టినవి పదకొండు. కారణం దగ్గర "తొందర" అనో "అలసట" అనో రాశాను. నిన్న పన్నెండోది కొట్టాను. తొమ్మిది కొట్టి రెండు వేశాను. కారణం దగ్గర "రాసిన మనిషికి అసూయ" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితాన్నే పిచ్చుకకు రిజిస్టరు పోస్టులో పంపాను.

మీ నర్సమ్మ బండిని కూడా కలిపితే పదిహేను బళ్ళు, 89,600 కిలోమీటర్లు, ఆగినవి నాలుగు. వాన సంగతి ఉత్తరం అందగానే మెకానిక్‌ను అడిగాను. "ప్లగ్గు మీద రబ్బరు టోపీ ఉంటుందమ్మా, దాంట్లోకి నీళ్ళు దిగుతున్నాయి. జూన్ నుంచి వచ్చే బళ్ళకు మార్చేశారు. అంతకు ముందువాటికి అడిగితే ఊరికే మారుస్తారు, అడగకపోతే చెప్పరు" అన్నాడు. మీరు ఆ కాగితం సొరుగులో ఉంచకుండా ఉంటే ఇది నెల కిందటే తెలిసేది. ఈ ఒక్క మాటా అనక తప్పదు, అన్నాను, అయిపోయింది.

కాబట్టి జూన్ తర్వాత తయారైనది గానీ, టోపీ మార్చినది గానీ కొనవచ్చు. పాత మోడల్ కంటే ఇదే నమ్మదగినది. పిచ్చుకకూ ఇదే రాశాను. నమ్ముతుందో లేదో, దాని ఇష్టం.

ఇట్లు,
పిచ్చుక నాయనమ్మ


కుట్టు కొట్టు నుంచి
ఆగస్టు 20

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తిట్టడానికి సిద్ధంగా కూర్చున్నదాన్ని, మీరు నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఏం మనిషండీ మీరు.

మీ ఎర్రగీత కాగితం అందిన రోజున పిచ్చుక దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. నేను కూడా నా సొరుగు సంగతి చెప్పేశాను. అంతే, మూడు రోజులూ ఇదే వరస. అన్నం పెడితే తినడం, గిన్నె కడగడం, వెళ్ళిపోవడం. మీరెందుకు వద్దన్నారో, నేనెందుకు దాచానో దానికి అనవసరం. "మీ ఇద్దరి మధ్యా నా పని నలిగింది" అంది, ఒకే ఒక్క మాట.

మొన్న పద్దెనిమిదో తారీఖున పొద్దున్నే ఎక్కడికో వెళ్ళింది. ఎక్కడికే అంటే చెప్పలేదు. దుకాణంలో కొత్త మోడల్ ఒక్కటే మిగిలి ఉందట, ఏప్రిల్‌లో తయారైనది, ఇటుక రంగు. తన ముందే టోపీ మార్పించింది. అక్కడితో ఆగిందా? పైపు తెప్పించి పావుగంట సేపు ఇంజిన్ మీద నీళ్ళు కొట్టించింది. "బండి కొంటున్నావా తల్లీ, స్నానం చేయిస్తున్నావా?" అన్నాడట దుకాణం ఆయన. "రెండూ" అందట. మీట నొక్కితే మొదటిసారికే అందుకుంది. ఇంకో పావుగంట కొట్టించి మళ్ళీ నొక్కి చూసింది. అప్పుడు సంతకం పెట్టింది.

ఇంటి ముందు ఆపితే వెళ్ళి చూశాను. "ఎవర్ని అడిగి కొన్నావే?" అన్నాను. "ఎవర్నీ అడగలేదు. చూసుకున్నాను" అంది. మిమ్మల్నీ అడగలేదు, నన్నూ అడగలేదు. ఎన్నేళ్ళకో మనిద్దరికీ సమానంగా పడింది వదినగారూ! వెనక సీటు మీద శాంపిళ్ళ పెట్టె బోల్టులు వేసి బిగించేసింది, ఇంక ఎవరూ ఎక్కేది లేదు. ల్యాబ్ పెద్దాయన బండి చూసి రూటు ఖాయం చేశాడు.

నాకు సంతోషంగానే ఉంది. కాస్త గుచ్చుకుంటోంది కూడా. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

ఇట్లు,
పిచ్చుక అమ్మమ్మ


డిపో వెనక వీధి
ఆగస్టు 26, ఉదయం 8.00

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. నీళ్ళు కొట్టించి చూడడం నాకు తట్టలేదు. తట్టి ఉండవలసింది. డిపోలో వానాకాలానికి ముందు అలాగే చేసేవాళ్ళు. దానికి ఎవరూ నేర్పలేదు, నేను కూడా నేర్పలేదు. గుచ్చుకుంటోందని మీరు రాశారు. నాకు కూడా.

పిచ్చుక రాసిన కార్డు ఒకటి నిన్న అందింది. మీకు చూపించలేను కనుక ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"నాయనమ్మా, బండి కొన్నాను. ఆరు రోజులు, 280 కిలోమీటర్లు, ఒక్కసారీ ఆగలేదు. నీ ఎర్రగీత కాగితం చదివాను. నాకు ఇంకా కోపంగానే ఉంది, కొన్నాళ్ళు ఉంటుంది. మొదటి సర్వీసు అయ్యాక రాస్తాను. అమ్మమ్మ వెనకవైపు అవన్నీ రాసిపెట్టకపోతే నాకు ఈ రూటు వచ్చేది కాదు."

చివరి వాక్యం మీకు చెప్పమని అది రాయలేదు. చెప్పవద్దని కూడా రాయలేదు. ఎనిమిదింటికి ఈ ఉత్తరం మొదలుపెట్టి, ఆ వాక్యం ఒక్కటి వదిలేసి, మిగతాదంతా రాసి కవరు అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళాను కూడా. తిరిగి వచ్చి కవరు చించాను. ఇప్పుడు పదకొండు నలభై. ఆ వాక్యం చేర్చి, మొత్తం మళ్ళీ రాశాను.

ఇట్లు,
పిచ్చుక నాయనమ్మ